ధూళి పలక మీది లెక్క : అల్ ఖ్వారిజ్మీ జీవితం

1998 నవంబరు 22వ తేదీన మాదాపూరులో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైనది. ఆనాటి నుండి బండరాళ్ళ గుట్టల మధ్య హైటెక్ సిటీ, గచ్చిబౌలి, రాయదుర్గం అంటూ ఒక కొత్త నగరమే వెలసినది. మన కళాశాల నుండి పట్టం పుచ్చుకొన్న విద్యార్థులలో ఎందరో ఏటేటా ఆ దారినే పోతున్నారు. అక్కడి గదులలో రోజుకు వందసార్లు వినిపించే మాట ఒకటున్నది. అది అల్గారిథమ్. అది ఒక యంత్రం పేరు కాదు, ఒక సంస్థ పేరు కాదు. పన్నెండు వందల సంవత్సరాల క్రితం బాగ్దాదు నగరంలో లెక్కలు చేసుకొంటూ జీవించిన ఒక మనిషి పేరు. ఆయన ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ. మన పాఠ్యపుస్తకాలలోని ఆల్జీబ్రా అనే మాట కూడా ఆయన గ్రంథం పేరులోని అల్ జబర్ నుండి వచ్చినదే. ఒక మనిషి పేరూ, ఆయన పుస్తకం పేరూ రెండూ ప్రపంచ భాషలన్నిటిలోనూ సామాన్య నామాలుగా మారిపోవడం అరుదైన గౌరవం. అయితే పేరు నిలిచినంతగా మనిషి జ్ఞాపకం నిలవలేదు. ఆ లోటును కొంతైనా తీర్చవలెనన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అల్ ఖ్వారిజ్మీ సుమారు 780వ సంవత్సరంలో జన్మించారు. ఆయన పేరులోని ఖ్వారిజ్మ్ అనే సీమ ఆరల్ సముద్రానికి దక్షిణాన, ఆమూ దరియా నది దిగువ భాగాన ఉన్నది. నేడది ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దేశాలలో చేరియున్నది. ఆయన జీవితంలోని ప్రధాన భాగమంతా బాగ్దాదులోనే గడిచినది. ఖలీఫా మన్సూర్ 762లో ఆ నగర నిర్మాణానికి పూనుకొన్నాడు. ఆయన మనుమడు హారూన్ రషీద్, హారూన్ కుమారుడు మామూన్ దానిని విద్యలకు పుట్టినిల్లుగా చేశారు. మామూన్ పాలన 813 నుండి 833 వరకు సాగినది. అతని ఆశ్రయంలోని బైతుల్ హిక్మత్ అనే విజ్ఞాన మందిరంలో గ్రీకు, పారశీక, సంస్కృత గ్రంథాలు అరబ్బీలోకి వచ్చినవి. అల్ ఖ్వారిజ్మీ అక్కడి గ్రంథాలయంలో పనిచేసిన పండితుడని పదవ శతాబ్దంలో ఇబ్న్ నదీమ్ కూర్చిన ఫిహ్రిస్త్ అనే గ్రంథ సూచిక తెలుపుతున్నది.

ఆయన బాల్యానికి ముందే మన దేశపు ఖగోళ విద్య బాగ్దాదు చేరినది. మన్సూర్ కాలంలో ఒక సంస్కృత సిద్ధాంత గ్రంథం అరబ్బీలోకి అనువాదమై సింద్‌హింద్ అని పేరు పొందినది. సిద్ధాంతమన్న మన మాటే అరబ్బుల నోట అలా పలికినది. బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రహ్మస్ఫుట సిద్ధాంతపు సంప్రదాయం ఆ గ్రంథంలో ఉన్నది. దానిని ఆధారం చేసుకొని అల్ ఖ్వారిజ్మీ గ్రహగతుల పట్టికలను కూర్చారు. వేరొక గ్రంథంలో పట్టణాలు, పర్వతాలు, నదులు, సముద్రాలు మొదలైన వాటి స్థానాలను 2,402 చోట్లకు అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదు చేశారు. యూదుల పంచాంగం గురించి కూడా ఒక చిన్న పుస్తకం వ్రాశారు. ఏ జాతి విద్య అయినా, ఏ మతస్థుల లెక్క అయినా ఆయనకు అభ్యసనీయమే.

ఆయన ఇంకొక పుస్తకం భారతీయుల అంకెలతో లెక్కించే పద్ధతి గురించినది. సున్నతో కలిపి పది గుర్తులతో ఎంత పెద్ద సంఖ్యనైనా వ్రాయవచ్చునని, వాటితో కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం ఎట్లా చేయవలెనో ఆ పుస్తకం వివరించినది. ఈ లెక్కలు ఆనాడు కాగితం మీద చేసేవారు కారు. పలక మీద సన్నని ధూళి పరచి, వేలితోనో పుల్లతోనో అంకెలు గీసి, పని తీరిన అంకెను తుడిచి దాని చోటనే కొత్త అంకెను వేసేవారు. మన పూర్వులు అంకగణితాన్ని ధూళీకర్మ అని పిలవడానికి కారణమిదే. వీధి బడిలో ఇసుకలో అక్షరాలు దిద్దిన తాతలు, మదరసాలో తఖ్తీని కడిగి ముల్తానీ మట్టి పూసి ఆరబెట్టి మళ్ళీ వ్రాసుకొన్న తాతలు మన కుటుంబాలలో ఉన్నారు. వారికీ పద్ధతి కొత్త కాదు. పలక చిన్నది, లెక్క పెద్దది. కనుక ఏది తుడవవలెను, ఏది తుడవకూడదు అన్న వివేకం గణకునికి అంకెల జ్ఞానంతో పాటే అవసరమైనది.

ఈ సంగతి ఆయన ప్రసిద్ధ గ్రంథమైన అల్ జబర్ వల్ ముకాబలలోని ఒక లెక్కతో స్పష్టమవుతుంది. ఒక వర్గానికి దాని మూలాలు పదింటిని కలిపితే 39 అయినది. ఆ మూలమెంత? ఆయన చెప్పిన విధానం ఇది. మూలాల సంఖ్య పదిలో సగం 5. దాని వర్గం 25. దానికి 39 కలిపితే 64. దాని మూలం 8. అందులో నుండి మొదటి 5ను తీసివేస్తే 3. అదే జవాబు. ఇప్పుడు ఈ లెక్కను ధూళి పలక మీద చేస్తున్నట్లు ఊహించుకొందాము. 5 రాగానే 10తో పని తీరినది, తుడవవచ్చును. 64 రాగానే 25తోనూ 39తోనూ పని తీరినది, వాటినీ తుడవవచ్చును. కాని 5ను మాత్రం చివరి మెట్టు వరకు తుడవరాదు. మధ్యలో అది పనిలేక పడియున్నట్లే కనిపిస్తుంది. చోటు చాలలేదని దానిని చెరిపివేసిన వానికి 8 వద్దనే లెక్క ఆగిపోతుంది.

ఆ గ్రంథం మామూన్ పాలనాకాలంలో వెలువడినది. మామూన్ ప్రోత్సాహంతోనే, ప్రజలకు నిత్యం పనికివచ్చే లెక్కలను సులభంగా చెప్పవలెనని దానిని రచించినట్లు ఆయన పీఠికలో పేర్కొన్నారు. వారసత్వపు పంపకాలు, వీలునామాలు, వ్యాపారం, భూముల కొలతలు, కాలువల తవ్వకం ఇవన్నీ ఆయన దృష్టిలో ఉన్నవి. గ్రంథంలో అన్నిటికంటే పెద్ద భాగం ఆస్తి పంపకాల లెక్కలే. కొడుకుకూ కూతురుకూ తల్లికీ భార్యకూ వేర్వేరు వంతులు ఉన్నప్పుడు, పైగా చనిపోయినవాడు మరొకరికి కొంత వ్రాసిపోయినప్పుడు, ఎవరి వాటా ఎంతో తేల్చడం సామాన్యమైన పని కాదు. తగవు న్యాయాధికారి ముందుకు వచ్చిన తరువాత లెక్క తప్పితే ఒకరి నోటి ముద్ద మరొకరికి పోతుంది. బీజగణితం అటువంటి ఇళ్ళలో, అటువంటి తగవులలో అక్కరకు వచ్చిన విద్య.

ఆ గ్రంథంలో నేటివలె గుర్తులు లేవు. సమీకరణాలన్నీ మాటలలోనే ఉన్నవి. ఆయన వాటినన్నిటినీ ఆరు రకాలుగా విభజించి, ఒక్కొక్క రకానికి ఒక్కొక్క విధానం చెప్పి, రేఖాచిత్రాలతో రుజువు చూపారు. ఎటువంటి చిక్కు సమస్యనైనా ఆ ఆరింటిలో ఒకదానిగా మార్చడానికి రెండు పనులు చేయవలెను. ఒక వైపు తీసివేతగా ఉన్న పదాన్ని రెండవ వైపు కలిపి లోటు పూరించడం జబర్. అరబ్బీలో విరిగిన ఎముకను కట్టి సరిచేయడానికి కూడా ఆ మాటే వాడుతారు. రెండు వైపులా ఉన్న ఒకే జాతి పదాలను ఎదురెదురుగా నిలిపి సమానమైనంత మేరకు రెండింటి నుండీ తీసివేయడం ముకాబల. అనగా అవసరానికి మించిన దానిని తొలగించి, మిగిలినదానితోనే ముందుకు సాగడం. ధూళి పలక క్రమశిక్షణకు ఇది బీజగణిత రూపమని మేము భావిస్తున్నాము.

847లో ఖలీఫా వాసిక్ మరణశయ్య వద్ద గుమిగూడిన జ్యోతిష్కులలో ఆ పేరు గలవారు ఉన్నట్లు చరిత్రకారుడు తబరీ వ్రాశారు. సుమారు 850లో అల్ ఖ్వారిజ్మీ కన్నుమూశారు. సరిగ్గా ఆ కాలంలోనే మన దక్కనులో రాష్ట్రకూట అమోఘవర్షుని ఆశ్రయంలో మహావీరాచార్యులు గణితసార సంగ్రహం రచించారు. దానిని తరువాతి కాలంలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చారు. బాగ్దాదులో అరబ్బీ, దక్కనులో సంస్కృతం, ఆ వెనుక తెలుగు. లెక్కల విద్య ఒక భాష ఒడి నుండి మరొక భాష ఒడికి చేరుతూనే బ్రతికినది.

అల్ ఖ్వారిజ్మీ రచనల తరువాతి చరిత్ర ఇంకా ఆలోచింపదగినది. భారతీయ అంకెల గురించి ఆయన వ్రాసిన పుస్తకపు అరబ్బీ మూలం నశించినది. పన్నెండవ శతాబ్దంలో లాటిన్ భాషలోకి వచ్చిన పాఠాలే మిగిలినవి. ఆ లాటిన్ పాఠం ఆయన పేరుతోనే మొదలవడం వలన పేరే ఆ విద్యకు పేరై అల్గారిథమ్ అయినది. గ్రహగతుల పట్టికల మూలం కూడా పోయినది. కార్డోబాలో మస్లమా సవరించిన ప్రతిని బాత్ నగరవాసి అడెలార్డ్ 1126లో లాటిన్‌లోకి మార్చినందువలన అది నిలిచినది. అల్ జబర్ గ్రంథాన్ని చెస్టర్ వాసి రాబర్ట్ 1145లో స్పెయిన్‌లోని సెగోవియాలో లాటిన్ చేశారు. దాని అరబ్బీ ప్రతి ఒకటి, 1342లో వ్రాయబడినది, ఆక్స్‌ఫర్డులో భద్రంగా ఉన్నది. ఫ్రెడరిక్ రోజెన్ 1831లో దానిని ఇంగ్లీషు అనువాదంతో ప్రకటించారు. 1258లో మంగోలులు బాగ్దాదును ధ్వంసం చేసినప్పుడు అక్కడి గ్రంథాలయాలు నాశనమైనవి. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట చేయి పట్టుకొని ఉంచిన పుస్తకమే దక్కినది. ఎవరూ పట్టుకోనిది పోయినది.

ధూళి పలకను విడిచిపెట్టవలెనన్న ఆలోచన కూడా ఆ దేశాలలోనే పుట్టినది. 952 ప్రాంతంలో డమాస్కసులో అల్ ఉక్లీదిసీ అనే గణకుడు, ఆ లెక్కలను సిరాతో కాగితం మీద చేసే పద్ధతులు కూర్చారు. తుడుస్తూ పోతే పొరపాటు ఎక్కడ జరిగినదో వెనుదిరిగి చూసుకోవడానికి ఏమీ మిగలదు. తుడవకపోతే చోటు చాలదు. ఈ చిక్కు ధూళి పలకతో అంతం కాలేదు. అది నేటి కంప్యూటరు వరకు వచ్చినది.

కంప్యూటరు చేత అంకెల లెక్కలే కాక అక్షరాల లెక్కలు, అనగా బీజగణితం చేయించడం గత శతాబ్దపు మధ్య భాగంలో మొదలైనది. అందులో గల కష్టం ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాము. ఒకటి, మూడు అక్షరాలు కలిపిన మొత్తానికి ఇరవైయవ ఘాతం విప్పితే 1,771 పదాలు వస్తాయి. దానిని దానితోనే గుణిస్తే విడివిడి గుణకారాలు 31,36,441 అవుతాయి. అయితే సజాతి పదాలు కలిపిన తరువాత జవాబులో ఉండేవి 12,341 పదాలే. ముప్పై ఒక్క లక్షల తాత్కాలిక పదాలు పుట్టి, పని తీరి, చోటు ఆక్రమించుకొని పడియుంటాయి. వాటిని ఎప్పటికప్పుడు తొలగించకపోతే ఎంత మెమరీ ఉన్న యంత్రమైనా ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

1958లో అమెరికాలోని ఐ.బి.ఎం.లో జాన్ మెకార్తీ అక్షర సమాసాలకు అవకలనం చేసే ప్రోగ్రాము గురించి ఆలోచిస్తూ ఈ చిక్కునే ఎదుర్కొన్నారు. గణిత సూత్రం అందంగా ఉన్నది. కాని పనికిరాని పదాన్ని ఇక్కడ తుడువు, అక్కడ తుడువు అని ప్రతి చోటా వ్రాస్తే ఆ అందం చెడిపోతుంది. కనుక తుడిచే పనిని యంత్రానికే అప్పగించారు. మెమరీ నిండినప్పుడు యంత్రం తన పని ఆపి, ఇంకా వాడుకలో ఉన్న కొన్ని మూలాల నుండి బయలుదేరి, వాటి నుండి చేరగలిగిన ప్రతి స్థానానికీ గుర్తు పెడుతుంది. ఆ తరువాత గుర్తు లేని స్థానాలన్నిటినీ ఊడ్చి కొత్త లెక్కకు ఇస్తుంది. దీనికే గార్బేజ్ కలెక్షన్ అని పేరు. ఆయన లిస్ప్ భాష గురించిన వ్యాసం 1960 ఏప్రిల్‌లో వెలువడినది. ఆ సంవత్సరమే జార్జ్ కాలిన్స్ వేరొక పద్ధతి ప్రకటించారు. ఒక్కొక్క పదాన్ని ఎందరు వాడుకొంటున్నారో లెక్క పెట్టుకొంటూ, ఆ లెక్క సున్న అయినప్పుడు దానిని విడిచిపెట్టడం ఆ పద్ధతి. కాలిన్స్ కూడా కంప్యూటరు బీజగణితానికి జీవితం అంకితం చేసినవారే. నేడు హైటెక్ సిటీలో వాడే జావా, పైథాన్ మొదలైన భాషలన్నీ ఈ రెండు ఆలోచనల మీదనే ఆధారపడియున్నవి. అవి రెండూ అల్ జబర్ నీడలోనే పెరిగినవి.

మెకార్తీ శిష్యులలో మన చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి ఒకరు. 1966లో స్టాన్‌ఫర్డ్ నుండి డాక్టరేటు పొందారు. 1994లో ట్యూరింగ్ పురస్కారం ఆయనను వరించినది. 1998లో గచ్చిబౌలిలో ఆరంభమైన ట్రిపుల్ ఐటీతో ఆయనకు దీర్ఘకాల అనుబంధం ఉన్నది. అదే సంవత్సరం గచ్చిబౌలిలోనే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా వెలసినది.

మా కళాశాల ప్రయోగశాలలో జరిగిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోదగినది. విద్యార్థులు ఒక బీజగణిత సమస్యను కంప్యూటరుకు ఇచ్చి, తరువాత చూసుకొందామని ప్రతి మెట్టు ఫలితాన్నీ ఒక జాబితాలో దాచిపెట్టారు. కొంతసేపటికి యంత్రం కదలక మెదలక నిలిచిపోయినది. గార్బేజ్ కలెక్షన్ ఉన్నదే, ఎందుకు ఇట్లా అయినదని వారు ఆశ్చర్యపోయారు. జాబితా ప్రతి ఫలితాన్నీ చేయి పట్టుకొని ఉన్నది. పట్టుకొన్నదానిని యంత్రం చెత్త అనుకోజాలదు. అవసరమైన రెండు ఫలితాలను మాత్రం ఉంచి మిగిలినవి వదలగానే లెక్క పూర్తి అయినది. ఏది పట్టుకోవలెనో నిర్ణయించేది యంత్రం కాదు, మనమే. అల్ ఖ్వారిజ్మీ లెక్కలోని 5ను ఉంచి 25ను తుడిచిన వివేకం నేటికీ మనిషి వంతుగానే ఉన్నది.

ఈ వివేకాన్ని గురించి కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి చేయదలచినాము. మన హైదరాబాదుకు కూడా ఒక బైతుల్ హిక్మత్ ఉండేది. 1917లో దారుల్ తర్జుమా ఏర్పడినది. 1918లో ఉర్దూ మాధ్యమంలో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం అది గణిత, విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి అనువదించి, వేలకొలది సాంకేతిక పదాలు కూర్చినది. 1888లో ఇక్కడే నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ అరుదైన అరబ్బీ వ్రాతప్రతులను అచ్చు వేసినది. అల్ బిరూనీ ఖగోళ గ్రంథం కానూన్ మసూదీ 1954, 1956 మధ్య ఇక్కడి నుండే మూడు సంపుటాలుగా వెలువడినది. అల్ బిరూనీ కూడా ఖ్వారిజ్మ్ సీమవాసియే. అల్ ఖ్వారిజ్మీ స్వదేశీయుని గ్రంథానికి మన నగరం ఆ విధంగా ఆశ్రయమిచ్చినది.

మన గ్రంథాలయపు వెనుక గదిలో పాత ఉర్దూ గణిత పుస్తకాలు, వాటి ప్రక్కనే పాత తెలుగు బీజగణిత పుస్తకాలు చెదలకు దగ్గరగా పడియున్నవి. కంప్యూటరు గదిని విస్తరించడానికి ఆ చోటు కావలెను. ఆ పుస్తకాలను తూకానికి అమ్మివేయవలెనన్న ప్రతిపాదన ఉన్నది. చోటు కావలెనన్నది న్యాయమే. అన్నీ దాచుకోవలెనని మేము వాదించడం లేదు. అన్నిటినీ పట్టుకొన్న యంత్రానికి ఏమైనదో మన ప్రయోగశాలలోనే చూచినాము. అయితే ఊడ్చే ముందు గుర్తు పెట్టడం అన్నది ఆ శాస్త్రం నేర్పిన క్రమం. మొదట ఒక్కొక్క పుస్తకాన్నీ తెరిచి, పేరు, సంవత్సరం, అనువాదకుని పేరు ఒక పట్టికలో వ్రాయవలెను. ఇతర గ్రంథాలయాలలో ఉన్నవి ఏవో, మన దగ్గర మాత్రమే మిగిలినవి ఏవో తేల్చవలెను. ఆ తరువాత పోవలసినవి పోవచ్చును. ఉర్దూ చదవగల విద్యార్థి ఒకరు, తెలుగు చదవగల విద్యార్థి ఒకరు జతగా కూర్చుంటే ఒక్క వేసవి సెలవులలో ఈ పని పూర్తికాగలదు.

అల్ ఖ్వారిజ్మీ అంకెల పుస్తకాన్ని అరబ్బీలో కాపాడేవారు లేకపోయినారు. లాటిన్‌లో వ్రాసుకొన్నవారు ఉన్నందువలన అది మిగిలినది. ఆ వెనుక గదిలో అటువంటి పుస్తకం ఒక్కటైనా ఉన్నదేమో చూడకుండా బస్తాలకెత్తవద్దని కమిటీవారిని వినయపూర్వకంగా కోరుతున్నాము. పట్టిక వ్రాయడానికి ముందుకు వచ్చే విద్యార్థులు తమ పేర్లను గ్రంథాలయంలో ఇవ్వగలరు. మా పేర్లు ఇప్పటికే ఇచ్చియున్నాము.